మోటారు పడవ మీద ఇంటిల్లిపాదీ

నీళ్లను చూస్తే పిల్లల కాలు నిలవదు. నిజానికి పెద్దల కాలూ నిలవదు గాని, వారు పైకి చెప్పుకోరు. సెలవులు వచ్చి, బంధువులు నలుగురూ చేరి, ఎటైనా వెళ్దామన్న మాట వచ్చినప్పుడు మన కృష్ణా తీరంలో ఎవరో ఒకరు "పడవ ఎక్కుదాం" అనకుండా వుండరు. ఆ పడవ కూడా ఇప్పుడు తెడ్డు వేసుకుంటూ నింపాదిగా పోయేది కాదు. వెనుక ఇంజను బిగించుకుని, ముందు భాగం పైకెత్తి, నీటిని రెండు పాయలుగా చీల్చుకుంటూ గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే మోటారు పడవ.

ఆ మాట అనగానే ఇంకో నాలుగు మాటలు బయలుదేరతాయి. "నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, ఆమెను ఇంట్లో వుంచుదామా?" "చిన్నవాడికి బస్సులోనే వాంతులవుతాయి, పడవలో ఏమవుతాడో!" "కోడలికి ఐదో నెల, ఫరవాలేదా?" "తాతయ్యకు బి.పి. వుంది, భయపడితే?" చివరకు జరిగేదేమిటి? సగం మంది పడవ ఎక్కుతారు. మిగతా సగం మంది చెప్పులకూ సంచులకూ కాపలాగా గట్టున కూర్చుంటారు. లేదా మొహమాటానికి అందరూ ఎక్కి, దిగేటప్పుడు నడుం పట్టుకుని దిగుతారు. ఈ రెండూ అక్కరలేదు. ఎవరికి ఏ పడవ, ఏ చోటు, ఏ వేళ సరిపోతుందో ముందు తెలుసుకుంటే ఇంటిల్లిపాదీ నీటి మీద సంతోషంగా గడపవచ్చు. ఈ వారం ఆ విషయం చూద్దాం.

చిలకలపూడి నుంచి మూడు దారులు

మన కుటుంబం బందరు పక్కనున్న చిలకలపూడిలో బయలుదేరిందనుకుందాం. చిలకలపూడి అనగానే అందరికీ రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి రోల్డు గోల్డు నగలు. రెండవది పాండురంగస్వామి. 1929లో భక్త నరసింహంగారు ఇక్కడ పాండురంగని గుడి నెలకొల్పిన తర్వాత ఈ వూరికి కీరపండరిపురమనే పేరు వచ్చింది. కార్తీకమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. పౌర్ణమినాడు జనం మంగినపూడి వెళ్లి సముద్రస్నానం చేసి, స్వామిని దర్శించుకుంటారు.

నీటి మీదకు పోవాలంటే ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. మొదటిది మంగినపూడి. పది కిలోమీటర్ల దూరం. ఇసుకకు బదులు నల్లమట్టి వున్న తీరం, చాలా దూరం లోతు లేని నీరు. 2025 జూన్‌లో మసులా బీచ్ ఫెస్టివల్ పేరుతో జలక్రీడలు జరిగినది ఇక్కడే. రెండవది దివిసీమ. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరితే అక్కడ కృష్ణ విశాలంగా, సగం నది, సగం సముద్రంలాగా వుంటుంది. శ్రీరామపాద క్షేత్రం రేవు దగ్గర నిలబడితే ఎదురుగా నీరే నీరు. ఇంకా కిందికి పోతే మడ అడవులు, హంసలదీవి, సాగర సంగమం. మూడవది విజయవాడ. 70 కిలోమీటర్లు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచిన నీటిలో భవానీ ద్వీపానికి పర్యాటక శాఖ వారి పడవలు, అందులో వేగంగా పోయేవి కూడా నడుస్తూ వచ్చాయి.

ఒకప్పుడు బెజవాడకూ బందరుకూ మధ్య కాలువ మీదే పడవ ప్రయాణాలు సాగేవి. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే, పడవలో వాళ్లు వంటలు చేసుకుని, కబుర్లు చెప్పుకుని, ఒక నిద్ర తీసి లేచేవారు. అందులో శరీరానికి వచ్చే ఇబ్బందల్లా దోమలే. మోటారు పడవ అలా కాదు. దాని సంతోషమూ వేగంలోనే వుంది, దాని కష్టమూ వేగంలోనే వుంది.

ఈ మూడు చోట్ల నీరు ఒకే రకంగా వుండదు. బ్యారేజీ వెనుక నీరు చాలా రోజులు అద్దంలాగా వుంటుంది. నాగాయలంక దగ్గర రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పాటు వేళ బయటకు పోయే నది నీరు సముద్రపు అలలకు ఎదురు తగిలితే మొగ దగ్గర అలలు నిటారుగా లేస్తాయి. మంగినపూడి వద్ద సముద్రం గదా, అల వుండనే వుంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి బలపడి అల ఇంకా పెరుగుతుంది. కనుక మొదటి సలహా ఇది: పెద్దవారు, చిన్నపిల్లలు వున్న కుటుంబం మొట్టమొదటి షికారుకు బ్యారేజీ వెనుక నీటినో, ప్రశాంతంగా వున్న నదినో ఎంచుకోవాలి. ఎక్కడైనా సరే, ఉదయం వేళ వెళ్లాలి.

వేగం ఎందుకు అంత హాయి?

పడవ ఊపందుకోగానే పిల్లలు కేరింతలు కొడతారు. తాతయ్య కూడా తువ్వాలు చెవులకు చుట్టుకుని నవ్వుతాడు. ఎందుకు? శరీరంలో అడ్రినలిన్ అనే రసం ఊరి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి లోతుగా ఆడుతుంది. అపాయం లేదని మనసుకు తెలుసు. కాబట్టి ఆ గుండెదడ భయంగా కాక సంతోషంగా తోస్తుంది. ఉయ్యాల ఎత్తుకు లేచినప్పుడు కలిగేది కూడా ఇదే. దానికి తోడు గాలి ఒంటి చెమటను ఆర్పివేస్తుంది. కోస్తా ఉక్కలో వారాల తరబడి మగ్గిన మనిషికి అదొక పెద్ద వరం.

ఇంకొక లాభం వుంది. పడవలో టీవీ లేదు. ఇంజను మోతలో ఫోను మాట్లాడడం కుదరదు. ఎదురెదురుగా కూర్చున్న నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిందే. ఇంటి పనిలో ఏడాదంతా తల ఎత్తని ఇల్లాలికి అరగంట సేపు ఏ పనీ చేయనక్కరలేని చోటు దొరుకుతుంది. మనసుకు ఇది మంచి మందు. అందుకే అమ్మను, అత్తగారిని గట్టున కూర్చోబెట్టి వెళ్లడం సబబు కాదంటున్నాను.

నడుము సంగతి

మోటారు పడవలో తగిలే దెబ్బల్లో చాలామందికి తెలియనిది నడుము దెబ్బ. పడవ ఒక అల మీదకు ఎక్కి గాలిలోకి లేచి కిందికి పడుతుంది. కూర్చున్న మనిషి కూడా సీటు నుంచి కొంచెం లేస్తాడు. ఆయన కిందికి వస్తుండగా పడవ తర్వాతి అల మీద మళ్లీ పైకి లేస్తుంది. రెండూ ఎదురెదురుగా తగులుతాయి. ఆ దెబ్బ పిరుదుల మీదుగా నేరుగా వెన్నెముకకు పోతుంది. వెన్నుపూస నలిగిపోయేది ఎక్కువగా వీపు, నడుము కలిసే చోటే. ఏభై ఏళ్లు దాటిన స్త్రీలకు, ముట్లు ఆగిపోయిన తర్వాత ఎముకలు గుల్లబారి వుంటాయి కనుక చిన్న దెబ్బకే ఈ ప్రమాదం వుంది.

పూర్వం కోరమండల్ తీరంలో మసూలా పడవలని వుండేవి. ఆ పేరు మన మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరంటారు. రేవు కట్టని రోజుల్లో మద్రాసులో ఓడల నుంచి మనుషులను, సరుకులను ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. వాటి చెక్కలకు మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అల వచ్చి కొట్టినప్పుడు పడవ కొంచెం వంగి, సాగి, ఆ దెబ్బను తాను మింగేది. నేటి ఫైబరు పడవ గట్టిది, వంగదు. దెబ్బను తాను మింగకపోతే లోపల కూర్చున్నవారు మింగవలసి వస్తుంది.

అందుకని ఇలా చేయండి. పడవ ముందు భాగం ఎప్పుడూ ఎక్కువ ఎగురుతుంది, వెనుక భాగం తక్కువ కదులుతుంది. పిల్లల ఏడుపుడు పలక మీద చివర కూర్చున్నవాడు ఎత్తుకు లేచినట్లు, మధ్యలో వున్నవాడు కదలనట్లు అనుకోండి. పెద్దవారిని మధ్యకూ వెనుకకూ కూర్చోబెట్టండి. "ముందు కూర్చుంటే బాగా కనిపిస్తుంది" అని మర్యాదకు వారిని ముందుకు పంపవద్దు. పాదాలు రెండూ నేలకు ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి, చేతులతో కమ్మీ పట్టుకుని, బరువు కొంత కాళ్ల మీద వేసుకోవాలి. అల వస్తున్నదని చూడగానే పిరుదులను సీటు మీద నుంచి కొద్దిగా లేపితే మోకాళ్లే స్ప్రింగులుగా పనిచేస్తాయి. కాళ్లు చాపుకుని, వీపు వెనక్కు వాల్చి కూర్చోవడం మంచిది కాదు.

ఇంకొక మాట. సరంగుకు "కొంచెం నెమ్మది, బాబూ" అని చెప్పడానికి సిగ్గు పడకండి. పడవ తనంతట ఎగరదు, నడిపేవాడు ఎగిరిస్తే ఎగురుతుంది. అటువంటి షికారు తర్వాత ఎవరికైనా నడుం మధ్యలో పొడిచినట్లు నొప్పి వుండి, రెండు రోజులకూ తగ్గకపోతే, లేదా కాళ్లు తిమ్మిర్లు పట్టినా, మూత్రం బిగిసినా, తైలం రాస్తూ కూర్చోక వెంటనే ఎక్సరే తీయించాలి.

వాంతులు రాకుండా

లోపలి చెవిలో శరీరపు కదలికను తెలుసుకునే యంత్రాంగం వుంది. చెవి "కదులుతున్నాం" అంటుంది. పడవ లోపలి భాగాన్నే చూస్తున్న కన్ను "లేదు, కూర్చునే వున్నాం" అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమక పడితే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల లోపు పసివారికి ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఎక్కువ. పార్శ్వపు తలనొప్పి వున్న స్త్రీలకు, గర్భిణులకు కూడా ఎక్కువే.

ఇక్కడ ఒక విశేషం వుంది. పడవ వేగంగా పోతున్నంతసేపూ చాలామందికి బాగానే వుంటుంది. ఫొటోలు తీసుకోవడానికని నది మధ్య ఇంజను ఆపుతారు. పడవ నెమ్మదిగా ఇటూ అటూ ఊగడం మొదలుపెడుతుంది. కడుపులో తిప్పేది సరిగ్గా అప్పుడే. నాలుగైదు క్షణాలకొకసారి నింపాదిగా లేచి పడే ఊపే అన్నిటికంటే వాంతి తెప్పించేది. పైగా ఆగిన పడవలో ఇంజను పొగ కూడా చుట్టుకుంటుంది. అది పీలిస్తే తలనొప్పి వస్తుంది. కాబట్టి ఎవరికైనా ముఖం పాలిపోయి, ఆవులింతలు వచ్చి, చెమట పడుతుంటే, ఫొటోలు చాలించి పడవను కదిలించమనండి. కళ్లను దూరాన ఆకాశం, నీరు కలిసే గీత మీద నిలపమనండి. ఫోను చూడవద్దు, కిందికి వంగి వెతకవద్దు.

బయలుదేరే ముందు కడుపు మాడ్చుకోవద్దు, నింపుకోవద్దు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. బందరు వచ్చాం గదా అని నేతితో నిగనిగలాడే తొక్కుడు లడ్లు రెండు మింగి పడవ ఎక్కితే, అవి కడుపులో నిలవడం కష్టం. లడ్డూను తిరిగి వచ్చాక తినండి, ఎక్కడికీ పోదు. అల్లం ముక్క గాని, అల్లం మురబ్బా గాని నోట్లో వేసుకుంటే కొందరికి ఉపశమనం కలుగుతుంది. తప్పనిసరిగా వాంతులయ్యేవారు అవోమిన్ వంటి మాత్రను డాక్టరును అడిగి ప్రయాణానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవచ్చు. వాంతులు మొదలైన తర్వాత వేస్తే అది లోపల నిలవదు. ఆ మాత్ర మగత తెస్తుంది. కనుక వేసుకున్నవారు కారు నడపకూడదు. నీటికాసుల జబ్బు, మూత్రం ధారగా రాని ఇబ్బంది వున్న పెద్దవారు, ఐదేళ్ల లోపు పిల్లలు డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

ఎవరు వేగపు పడవ ఎక్కకూడదు?

గర్భిణీ స్త్రీ ఏ నెలలోనైనా సరే, వేగంగా ఎగిరే పడవ ఎక్కరాదు. ఆరోగ్యంగా వుంటే ప్రశాంతమైన నీటిలో నెమ్మదిగా పోయే పెద్ద లాంచీలో వెళ్లవచ్చు. రెండేళ్ల లోపు బిడ్డలకు మెడ బలం చాలదు, తల బరువు. సరిపోయే లైఫ్ జాకెట్ దొరకడం కూడా కష్టమే. ఒడిలో గట్టిగా పట్టుకున్నాం గదా అనుకోకూడదు. పడవ ఎగిరిన క్షణంలో రెండు చేతులూ కమ్మీ మీదకే పోతాయి. డిస్కు జబ్బు, నలిగిన వెన్నుపూస, ఇటీవలి ఆపరేషను, కొద్ది నెలల కిందట గుండెపోటు, అదుపులో లేని మూర్ఛ వున్నవారు వేగపు పడవ మాట తలపెట్టకూడదు.

బి.పి. వుండి మందులతో అదుపులో వున్న తాతయ్య నిరభ్యంతరంగా రావచ్చు. ఆ పూట మాత్ర మానకుండా వేసుకోవాలి, అంతే. మోకాళ్ల నొప్పుల నాయనమ్మకు పడవ ప్రయాణం కంటే, ఎక్కడం దిగడమే కష్టం. రేవు మెట్లు పాచి పట్టి వుంటాయి. రెండు వైపులా ఇద్దరు మనుషులు వుండి, పడవను గట్టుకు గట్టిగా కట్టించిన తర్వాతనే ఎక్కించాలి. చక్కెర వ్యాధి వున్నవారు మందు వేసుకుని భోజనం ఆలస్యం చేయకూడదు. పడవ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తిరిగి చేరుస్తుందో మన చేతిలో లేదు. జేబులో బిస్కెట్లు, నాలుగు చక్కెర బిళ్లలు వుంచుకోవాలి.

ఈ విధంగా చూస్తే ఒక కుటుంబంలో ఇద్దరో ముగ్గురో వేగపు పడవకు పనికిరానివారు వుండవచ్చు. వారిని వదిలివేయనక్కరలేదు. ముందు అందరూ కలిసి లాంచీలో ఒక చుట్టు తిరిగి, తర్వాత పిల్లలూ కుర్రవాళ్లూ వేగపు పడవలో పది నిమిషాలు తిరిగి రావచ్చు. దివిసీమ మడ అడవుల పాయల్లో ఎలాగూ వేగం కూడదు. అల తాకిడికి గట్లు కోసుకుపోతాయి, కొంగలు బెదిరి లేచిపోతాయి. బావురు పిల్లి తిరిగే అడవి అది. అక్కడ నెమ్మదిగా పోయేవారికే నాలుగు కనిపిస్తాయి.

ఎండ, దాహం, మొహమాటం

వేగపు గాలిలో ఎండ తెలియదు. అదే మోసం. పైనుంచి ఎండ, నీటి మీద నుంచి దాని మెరుపు, రెండు వైపులా చర్మం కాలుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక ముఖం మంట పుడుతుంది. పది గంటల లోపు గాని, నాలుగు దాటాక గాని వెళ్లండి. పొడుగు చేతుల నూలు బట్టలు, గడ్డం కింద కట్టుకునే టోపీ మంచిది. గొడుగు వేగపు పడవలో తెరవనే కూడదు.

మన ఇళ్లలో స్త్రీలు ప్రయాణమంటే పొద్దుటి నుంచి మంచినీళ్లు మానేస్తారు. మరుగుదొడ్డి ఎక్కడ వుంటుందో తెలియదు, అడగడానికి మొహమాటం. తర్వాత రెండు రోజులకు మూత్రంలో మంట, చలిజ్వరం. ఇంటి యజమాని చేయవలసిన పని ఏమిటంటే, టిక్కెట్టు కొనకముందే మరుగుదొడ్డి ఎక్కడ వుందో చూసి రావడం. ఆ ఒక్క మాట చెబితే ఆడవారు ధైర్యంగా నీళ్లు తాగుతారు. మనిషికి ఒక లీటరు చొప్పున నీళ్లు తీసుకువెళ్లండి. ఎవరికైనా ఎండదెబ్బ తగిలినట్లుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. మద్యం తాగినవారిని మాత్రం, ఎంత దగ్గర బంధువైనా, పడవ ఎక్కనివ్వకండి.

నగలు, చీర చెంగు

చిలకలపూడి నగలకు ఇంతకంటే మంచి సమయం లేదు. అసలు బంగారం ఇంట్లో పెట్టి, కావాలంటే రోల్డు గోల్డు వేసుకు రండి. నీటిలో పోయినా దిగులుండదు. అయితే ఉంగరం మాత్రం, బంగారమైనా రోల్డు గోల్డైనా, తీసివేయండి. తాడునో కమ్మీనో పట్టుకున్నప్పుడు ఉంగరం దేనికైనా తగులుకుని పడవ ఒక్క కుదుపు కుదిపితే, వేలి చర్మం ఊడి వచ్చే ప్రమాదం వుంది. చెంగు నడుముకు బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. వెనుక ఇంజను కింద తిరిగే పంకా చెంగును, తువ్వాలును క్షణంలో లాగేస్తుంది. ఇంజను పూర్తిగా ఆగేదాకా ఎవరూ నీటిలోకి దిగకూడదు, పిల్లలు చేయి కూడా పెట్టకూడదు.

లైఫ్ జాకెట్

2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూడడానికి భవానీ ద్వీపం వైపు నుంచి బయలుదేరిన ఒక పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి షికారుకు వచ్చినవారు. పడవకు అనుమతి లేదు, మోయవలసినదానికంటే ఎక్కువమంది ఎక్కారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర వరదలో లాంచీ మునిగి ఇంకా ఎక్కువ మంది పోయారు. ఈ రెండు పడవల్లోనూ వెళ్లినవారు సంతోషం కోసం బయలుదేరిన మామూలు కుటుంబాలవారే. మనవంటివారే.

మనిషి శరీరం నీటిలో దాదాపు తేలుతుంది. తల పైకి వుండడానికి ఇంకొక నాలుగైదు కిలోల ఆసరా చాలు. లైఫ్ జాకెట్ ఇచ్చేది అదే. "నాకు ఈత వచ్చు" అనడం జవాబు కాదు. హఠాత్తుగా నీటిలో పడ్డవాడు మొదట గుటక వేసి ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరితో నీళ్లు లోపలికి పోతే ఈత మరచిపోతాడు. జాకెట్‌ను కింద వేసుకుని కూర్చోవడం, భుజాన తగిలించుకోవడం వ్యర్థం. తొడిగి, పట్టీలన్నీ బిగించి, ఇంకొకరు భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులన్నమాట. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. లేకపోతే జాకెట్ తేలుతుంది, బిడ్డ జారిపోతాడు. చీర మీద తొడిగేటప్పుడు చెంగు లోపలకు దోపి తొడగాలి.

రేవులో నిలబడి మూడు విషయాలు చూడండి. పడవ మీద ఎంతమందిని ఎక్కించవచ్చునో రాసి వుందా? అందరికీ జాకెట్లు వున్నాయా? ఆకాశం, నీరు ఎలా వున్నాయి? 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గరకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, కట్లు తెంచుకున్న పడవలు గేట్లను గుద్దుకున్నాయి. దివిసీమవారికి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. కార్తీకం పుణ్యమాసమే గాని తుపానుల మాసం కూడా. వాతావరణ కేంద్రం హెచ్చరిక వున్న రోజు పడవ మాట మానుకోవాలి.

మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దిగిపోండి. ఇక్కడే మనకు మొహమాటం అడ్డు వస్తుంది. పదిమందీ ఎక్కి కూర్చున్నారు, టిక్కెట్టు డబ్బులు ఇచ్చేశాం, పిల్లలు ఏడుస్తారు, బావగారు ఏమనుకుంటారో! ఏమనుకున్నా ఫరవాలేదు. "మేము తర్వాతి పడవలో వస్తాం" అని చెప్పి దిగిన మనిషి పిరికివాడు కాడు. ఆ రోజు ఆ కుటుంబానికి అసలైన పెద్ద ఆయనే, లేదా ఆమే.

ఎవరైనా నీటిలో పడితే

వెంటనే దూకకండి. మునుగుతున్నవాడు రక్షించేవాణ్ణి కూడా పట్టుకుని ముంచుతాడు. తాడు, వెదురు గడ, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది అందించండి. బయటకు తీసిన తర్వాత పిలిచినా పలకక, ఊపిరి లేకపోతే, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. వీటివల్ల కడుపులోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కు వంచి, గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, ఛాతీ లేచేలా ఐదుసార్లు ఊపిరి ఊదండి. నీటిలో మునిగినవారికి మొదట కావలసినది ఊపిరే. కదలిక రాకపోతే రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వుంచి, రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కండి. మళ్లీ రెండు ఊపిరులు. 108 వచ్చేదాకా ఆపవద్దు. చిన్నపిల్లలకు ఒక చెయ్యి చాలు, ఛాతీ మందంలో మూడో వంతు నొక్కితే సరిపోతుంది. మనిషి తేరుకుని లేచి కూర్చుని "బాగానే వున్నాను" అన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు. ఈ నాలుగు వాక్యాలు ఇంట్లో ఇద్దరికైనా వచ్చి వుండాలి. పడవ ఎక్కినా ఎక్కకపోయినా చెరువులు, కాలువలు మన ఇళ్ల పక్కనే వున్నాయి గదా.

తిరిగి వచ్చాక

తడిసిన పిల్లలకు బట్టలు మార్చి, తల తుడిచి, వేడిగా పాలో, టీయో ఇవ్వండి. గాలి చెవిలో దూరి చీము పడుతుందని కొందరు భయపడతారు. గాలి వల్ల చీము పట్టదు. కానీ ఇప్పటికే చెవి కారుతున్న పిల్లవాడి చెవిలోకి నది నీరు పోకుండా చూడాలి. దూదికి కొంచెం వాజలిన్ రాసి పెడితే చాలు. కళ్లు మండితే మంచినీళ్లతో కడగండి, నలపవద్దు.

ఇంటికి చేరిన తర్వాత నాయనమ్మ కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవచ్చు. తాతయ్య పడవ ఎంత వేగంగా పోయిందో పక్కింటివారికి చెప్పవచ్చు. కోడలు లాంచీలో కూర్చుని చూసిన కొంగల లెక్క చెప్పవచ్చు. బందరు లడ్డూ పొట్లం విప్పవలసిన సమయం ఇదే. చక్కెర వ్యాధి వున్నవారికి మాత్రం చిన్న ముక్క చాలు.